తిరుపతిలో హెచ్‌ఐవీ టెస్టు ఎక్కడ చేయించుకోవాలి? ఇంట్లో తెలియకుండా ఉంటుందా?

అలిపిరి_మెట్లు
అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది పీలేరు దగ్గర పల్లె. తిరుపతిలో బస్టాండు పక్క లాడ్జిలో రిసెప్షన్‌లో పని చేస్తాను. నెల దాటింది, ఒకరితో కండోమ్ లేకుండా కలిశాను. అప్పట్నుంచి నిద్ర లేదు. కొంచెం జలుబు చేసినా అదేనేమో అనిపిస్తోంది. ఫోనులో వెతికితే ఒక్కోచోట ఒక్కో మాట. రుయా ప్రభుత్వ ఆస్పత్రిలో ఊరికే చేస్తారంట, కానీ మా చిన్నాయన కొడుకు అక్కడే వార్డులో పని చేస్తాడు. వాడి కంట పడితే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. ప్రైవేటు ల్యాబులో చేయించుకుంటే సరిపోతుందా? ఆధార్ అడుగుతారా? ఇంటికి ఉత్తరం ఏమన్నా వస్తుందా?

రిటైర్డ్_ల్యాబ్
తమ్ముడూ, అడిగావు, అదే సగం పని. నేను ప్రభుత్వ ఆస్పత్రి ల్యాబులో చేసి రిటైరయ్యాను. లోపల జరిగేది జరిగినట్టు చెబుతాను.

దీనికి ఉన్న చోటు పేరు ఐసీటీసీ, అంటే సలహా ఇచ్చి హెచ్‌ఐవీ టెస్టు చేసే ప్రభుత్వ కేంద్రం. తిరుపతిలో రుయాలో ఉంది. చిత్తూరులో జిల్లా ఆస్పత్రిలో ఉంది. ఏరియా ఆస్పత్రుల్లో, చాలా సీహెచ్‌సీల్లో (సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో) కూడా ఉంటుంది. మీ ఊరివాళ్లది ఫలానా సెంటరే అన్న రూలు ఏదీ లేదు. రుయాలో చుట్టం ఉన్నాడంటే శ్రీకాళహస్తి బస్సెక్కి పో. పుత్తూరు పో. చిత్తూరు పో. ఎక్కడికి పోయినా చేస్తారు, పైసా తీసుకోరు.

లోపలికి పోగానే సూది పొడవరు. ముందు కౌన్సెలర్ గదిలో కూర్చోబెడతారు. తలుపు వేస్తారు. ఆ గదిలో గోడకు పోస్టర్లు, బల్ల మీద కండోమ్ ఎలా తొడగాలో చూపించే కొయ్య బొమ్మ ఉంటుంది. దాన్ని చూసి సిగ్గుపడకు, వాళ్లకది రోజువారీ పని. పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు రాసుకుంటారు. నీకొక నంబరు ఇస్తారు, ఆపై నీ నమూనా ఆ నంబరుతోనే నడుస్తుంది. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది అని అడుగుతారు. ఇది విచారణ కాదు. ఎప్పుడు జరిగిందో తెలిస్తేనే ఈరోజు టెస్టుకు ఎంత విలువో చెప్పగలరు. నువ్వు సరేనన్నాకే రక్తం తీస్తారు. వద్దనుకుంటే లేచి రావచ్చు.

మొదటి టెస్టులో ఏమీ చూపించకపోతే నెగెటివ్ అని చెప్పేస్తారు. చూపిస్తే అక్కడితో ఆగరు. వేరే వేరే పద్ధతుల్లో పనిచేసే మొత్తం మూడు టెస్టులు చేసి, మూడింటిలోనూ వస్తేనే పాజిటివ్ అని రాస్తారు. ప్రైవేటు ల్యాబులో ఒక్క కార్డు మీద రెండు గీతలు చూసి కుప్పకూలిపోయి, తర్వాత మా దగ్గర నెగెటివ్ వచ్చినవాళ్లను చూశాను. ప్రైవేటులో చేయించుకోవద్దని నేననను. పాజిటివ్ అంటే మాత్రం ఐసీటీసీలో తేల్చుకోకుండా ఒక్క నిర్ణయం కూడా తీసుకోవద్దు.

ఇంటికి ఉత్తరం రాదు. రిజల్టు నీ చేతికే ఇస్తారు, కౌన్సెలర్ దగ్గర కూర్చోబెట్టి మరీ.

అలిపిరి_మెట్లు
సార్, చాలా థ్యాంక్స్. నెల దాటింది కదా, ఇప్పుడే పోవాలా, మూడు నెలలు ఆగాలా? ఆగాలంటే నేను ఆగలేను.

రిటైర్డ్_ల్యాబ్
ఇప్పుడే పో. వైరస్ ఒంట్లోకి వచ్చిన వెంటనే టెస్టులో దొరకదు, దాన్నే విండో పీరియడ్ అంటారు. రాపిడ్ టెస్టులు చాలావరకు, వైరస్ మీద మన ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలను పట్టేవి. కొందరిలో 23 రోజులకే చూపిస్తాయి, కొందరిలో 90 రోజుల దాకా పట్టొచ్చు. అందుకే ఇప్పుడొకసారి, మూడు నెలలు నిండాక మళ్లీ ఒకసారి. ఈ మధ్యలో ఇంకెవరితోనైనా కలిస్తే కండోమ్ తప్పనిసరి, లేకపోతే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. జలుబును బట్టి, జ్వరాన్ని బట్టి ఎవరూ చెప్పలేరు. ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేనివాళ్లు ఎందరో.

ఒక మాట. ఆ రోజే సిఫిలిస్ టెస్టు కూడా అడుగు. మూత్రంలో మంట, పుండు, చీము లాంటివి ఉంటే సురక్ష క్లినిక్ అని అడిగితే చూపిస్తారు. సుఖవ్యాధి ఉన్నప్పుడు హెచ్‌ఐవీ అంటుకునే అవకాశం పెరుగుతుంది.

పలమనేరు_స్టీరింగ్
నేను చెన్నై బెంగళూరు లైను లారీ. మా డ్రైవర్లు ఆగే చోట క్యాంపులు పెట్టి వేలికి సూది గుచ్చి చూస్తా ఉంటారు. నేనూ చూపించుకున్నా. అది జల్లెడ పట్టే టెస్టు మాత్రమే. అనుమానం వస్తే ఐసీటీసీకి రాసిస్తారు. మాలో కొందరు ఆ చీటీ జేబులో పెట్టుకుని పోకుండా తిరగతా ఉండారు. ఇంట్లో పెండ్లాం ఉంది, బిడ్డలుండారు, యాడ చెప్పేది అంటారు. చెప్పకపోతే ఆమెకీ అంటుతాది కదప్పా. ఈడ ఎవరన్నా డ్రైవరన్నలు చదవతా ఉంటే ఆ చీటీ తీసుకుని పోండి. మందులు ఉండాయి, ఊరికే ఇస్తా ఉండారు.

నైట్_డ్యూటీ_సిస్టర్
అలిపిరి తమ్ముడికి ఈ సమయం దాటిపోయింది, కానీ ఇది చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. ప్రమాదం జరిగిన 72 గంటల లోపైతే వైరస్ పట్టకుండా ఆపడానికి ఒక దారి ఉంది. పీఈపీ అంటారు. ఏఆర్‌టీలో, అంటే హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు చేసే చికిత్సలో, ఇచ్చే మాత్రలే 28 రోజులు వేసుకోవాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, మొదటి రెండు గంటల్లోనే అయితే మరీ మంచిది. 72 గంటలు దాటాక దానివల్ల ఉపయోగం లేదు. మా ఆస్పత్రిలో సూది గుచ్చుకున్న సిస్టర్లకు, స్వీపరమ్మలకు ఇప్పిస్తాం. అత్యాచారానికి గురైన ఆడవాళ్లకు, పిల్లలకు తప్పకుండా ఇవ్వాలి. మిగతావాళ్లు కూడా ఆలస్యం చేయకుండా పెద్దాస్పత్రి క్యాజువాలిటీకో ఏఆర్‌టీ సెంటర్‌కో పోయి అడగండి. రాత్రయిందని తెల్లారేదాకా ఆగొద్దు.

సూది గుచ్చుకుంటే వేలు గట్టిగా పిండకండి, డెట్టాల్, స్పిరిట్ పోయకండి. సబ్బూ నీళ్లతో కడగండి. కొత్తగా చేరిన పిల్లలు నోట్లో వేలు పెట్టుకోవడం నా కళ్లారా చూశాను, అది మహా ప్రమాదం.

పీలేరు_టమోటా
చాలాకాలంగా ఒక అనుమానం. కొండ మీద గుండు కొట్టించుకుంటాం కదా, కల్యాణకట్టలో. రోజూ వేలమంది. అక్కడ తెగితే హెచ్‌ఐవీ వస్తుందా? మా పిన్ని ఈ భయంతోనే మొక్కు వాయిదా వేస్తోంది.

రిటైర్డ్_ల్యాబ్
మొక్కు వాయిదా వేయొద్దని చెప్పండి. అక్కడ టోకెన్‌తో పాటు బ్లేడు మన చేతికే ఇస్తారు, మనకు మార్చిన బ్లేడుతోనే గీస్తారు. మీ ఊరి సెలూన్లో కూడా మీ కళ్లముందు బ్లేడు మార్చమని అడగండి, అడగడంలో తప్పులేదు. ఎందుకంటే హెచ్‌ఐవీ కంటే హెపటైటిస్ బీ బయట చాలా గట్టిగా బతుకుతుంది. హెచ్‌ఐవీ గాలికి ఆరిపోయిన రక్తంలో నిలవదు. దోమ కుడితే రాదు, ఒకే కోనేట్లో మునిగితే రాదు, ఒకే పళ్లెంలో ప్రసాదం తింటే రాదు. కండోమ్ లేని సంభోగం, వాడిన సూదులు, పరీక్ష చేయని రక్తం, తల్లి నుంచి బిడ్డకు. ఈ నాలుగు దారులే.

గోవిందరాజ_వీధి
ఇంతసేపు చదువుతూ ఉన్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. నేను పాజిటివ్. చాలా ఏళ్లుగా మందుల మీద ఉన్నాను. తిరుపతిలోనే ఉంటాను, వ్యాపారం చేసుకుంటున్నాను, పిల్లల పెళ్లిళ్లు చేశాను.

తమ్ముడూ, ఒకవేళ పాజిటివ్ వచ్చినా నీ బతుకు అక్కడ ఆగదు. ఇది ధైర్యం కోసం చెప్పే మాట కాదు, నా ఒంటిని చూసి చెబుతున్నాను. మన దేశంలో ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం 2004లో మొదలైంది. మొదట్లో సీడీ4, అంటే రోగాన్ని ఎదిరించే కణాల లెక్క, బాగా పడిపోయినవాళ్లకే ఇచ్చేవారు. 2017 నుంచి పాజిటివ్ అని తేలితే చాలు, సీడీ4 ఎంతున్నా మందు మొదలుపెడతారు. అప్పట్లో గుప్పెడు మాత్రలు, కడుపులో తిప్పడం, రక్తం తగ్గడం. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒకటే మాత్ర, టీఎల్‌డీ. తిన్నాక వేసుకోవచ్చు, తినకముందు వేసుకోవచ్చు.

ఇక్కడ రెండు విషయాలు నొక్కి చెప్పాలి. గ్యాస్ మందులు, ఐరన్, కాల్షియం బిళ్లలు దీంతో కలిపి మింగొద్దు. ఈ మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత అవి వేసుకోండి, లేకపోతే అవి వేసుకున్నాక ఆరు గంటలు ఆగండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు డాక్టరుకు చెప్పాలి, డోసు చూసి ఇస్తారు. ఇంకోటి, మాల వేసుకున్నామనో, ఉపవాసమనో, కొండకు నడిచి పోతున్నామనో మాత్ర ఆపొద్దు. స్వామి ఏమీ అనుకోడు. నా స్నేహితుడు ఒకడు నాటుమందు నమ్మి పూర్తిగా ఆపేశాడు. దగ్గు మొదలైంది, టీబీ అని తేలేసరికి మనిషి సగమయ్యాడు. వాణ్ణి మేం కాపాడుకోలేకపోయాం. మా జబ్బులో ఎక్కువమందిని చంపేది టీబీయే. అందుకే సెంటర్‌కు పోయిన ప్రతిసారీ దగ్గుందా, జ్వరముందా, బరువు తగ్గావా, రాత్రిళ్లు చెమట పడుతోందా అని అడుగుతారు. విసుక్కోకుండా నిజం చెప్పండి.

కాణిపాకం_కోడలు
గోవిందరాజన్నా, మీరు రాసినందుకు నాకూ రాయాలనిపించింది. నాకు కడుపుతో ఉన్నప్పుడు పరీక్షలో బయటపడింది. మా ఆయనకూ ఉందని ఆ తర్వాతే తెలిసింది. ఆరోజు కౌన్సెలరక్క నా చెయ్యి వదల్లేదు. బిడ్డను తీసేయించుకుంటానని ఏడిస్తే, బిడ్డకు రాకుండా చూసుకుందాం, నువ్వు మందు వేసుకో చాలు అంది.

వెంటనే మాత్రలు మొదలుపెట్టారు. ఆస్పత్రిలోనే కాన్పు. పుట్టిన వెంటనే పాపకు నెవిరపిన్ సిరప్ మొదలుపెట్టారు, చిన్న సిరంజితో చెంప లోపలికి పోయాలి. కక్కితే మళ్లీ ఎప్పుడు పోయాలి, ఎంత పోయాలి అని నా చేత చెప్పించుకుని మరీ ఇంటికి పంపారు. ఆరు నెలలు నా పాలే పట్టమన్నారు. పాలతో పాటు ఆవుపాలు, డబ్బాపాలు కలిపి పట్టొద్దన్నారు. మా అత్త పాపకు తేనె నాకిస్తానంటే, ఎందుకు వద్దో చెప్పలేక నేను పడిన కష్టం అంతా ఇంతా కాదు.

ఆరు వారాలకు పాప మడమ నుంచి రక్తం చుక్కలు కాగితం మీద తీసి పంపారు. ఆ రిజల్టు వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. నెగెటివ్. తర్వాత ఆరు నెలలకు, ఏడాదికి, చివరిగా ఏడాదిన్నరకు. అన్నీ నెగెటివే. ఇప్పుడు బడికి పోతోంది. కడుపుతో ఉన్నవాళ్లు ఎవరన్నా ఇది చదువుతుంటే, మొదటి నెలల్లోనే ఆశక్కకు చెప్పి టెస్టు చేయించుకోండి. భర్తను కూడా తీసుకుపోండి.

నైట్_డ్యూటీ_సిస్టర్
కోడలమ్మా, పాపకు నా దీవెనలు. ఒక్కటి కలుపుతాను. ఏ మందూ లేకపోతే తల్లి నుంచి బిడ్డకు వచ్చే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. మందులు సక్రమంగా వాడితే 5 శాతం కంటే కిందికి దిగుతుంది. కాన్పు నొప్పులతో నేరుగా వచ్చే తల్లులకు కూడా అక్కడికక్కడ టెస్టు చేస్తాం. ఆలస్యమైందని ఎవరూ ఇంట్లో ఉండిపోవద్దు.

నగరి_మగ్గం
మా అక్కకు పాజిటివ్. మందులు బాగానే వాడుతోంది. మొన్న పిత్తాశయంలో రాళ్లని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు పోయాం. ఆపరేషన్ తేదీ కూడా ఇచ్చారు. అడగకుండా హెచ్‌ఐవీ టెస్టు చేసి, మరుసటి రోజు మంచం దగ్గర కేస్ షీటు మీద ఎర్ర సిరాతో పెద్దగా రాసి పెట్టారు. పక్క మంచం వాళ్లు చదివారు. మధ్యాహ్నానికి మా దగ్గర థియేటర్ ఖాళీ లేదు, వేలూరు పోండి అన్నారు. అక్క ఆటోలో ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరికి చెప్పుకోవాలి?

చిత్తూరు_కోర్టు_వరండా
మీ అక్కకు జరిగింది చట్టవిరుద్ధం. 2017లో హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. అది ప్రైవేటు ఆస్పత్రులకూ వర్తిస్తుంది. అడగకుండా టెస్టు చేయకూడదు. ఆ సంగతి ఇతరులకు తెలిసేలా పెట్టకూడదు. పాజిటివ్ అన్న కారణంతో వైద్యం నిరాకరించకూడదు. ఉద్యోగం ఇవ్వడానికి ఈ టెస్టు షరతుగా పెట్టకూడదు.

సిబ్బంది 20 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న ఆస్పత్రిలో ఫిర్యాదులు తీసుకునే అధికారి ఒకరు ఉండాలి. ముందు అక్కడ రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఈ చట్టం కింద రాష్ట్ర స్థాయిలో ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఉంటారు. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో తేల్చాలి. ప్రాణం మీదికొచ్చిన వైద్యం విషయమైతే వీలైనంతవరకు 24 గంటల్లోనే. కోర్టుకెక్కితే పేరు ఎలాగూ బయటపడుతుందని చాలామంది వెనకాడతారు. మారుపేరుతో కేసు నడపమని అడగడానికి ఈ చట్టంలోనే వీలుంది. డిశ్చార్జి కాగితాలు, బిల్లులు, ఆ కేస్ షీటు ఫోటో ఉంటే జాగ్రత్తగా దాచండి.

రిటైర్డ్_ల్యాబ్
నగరి అన్నా, ఆపరేషన్ ఆపకండి. మీ అక్క వెళ్లే ఏఆర్‌టీ సెంటర్‌లో మెడికల్ ఆఫీసర్‌కు చెప్పి రుయా సర్జరీకి రాయించుకోండి. ఏ రోగికైనా తీసుకునే జాగ్రత్తలే ఇక్కడా చాలు. పాజిటివ్ అని తెలిసిన రోగి కంటే, ఎవరూ టెస్టు చేయని రోగి దగ్గరే నిజానికి ప్రమాదమెక్కువ.

వేలూరు అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. 1986లో చెన్నైలో సేకరించిన రక్త నమూనాలను వేలూరు సీఎంసీలోనే పరీక్షించారు. మన దేశంలో హెచ్‌ఐవీ ఉందని మొదట తేలింది అక్కడే. ఆ నమూనాలు తీసిన డాక్టర్ నిర్మల అప్పటికి పీజీ విద్యార్థిని, ఆమె గైడు సునీతి సోలమన్. మన చిత్తూరుకు కూతవేటు దూరంలో జరిగిన పని ఇది.

మోడరేటర్
ఫిర్యాదు చేసేటప్పుడు ఆస్పత్రి పేర్లు, డాక్టర్ల పేర్లు పెట్టొద్దు, ఎవరి ఫోన్ నంబర్లూ ఇక్కడ పెట్టొద్దు. కొందరు సభ్యులు పాజిటివ్ అని చెప్పుకున్నారు. వాళ్లెవరో కనుక్కునే ప్రయత్నం చేసేవారి ఖాతా తీసేస్తాం. అందరికీ పనికొచ్చే నంబరు 1097. జాతీయ హెల్ప్‌లైను, టోల్‌ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు.

చంద్రగిరి_పెళ్లిచూపులు
నాకు పాజిటివ్. మందుల మీద ఉన్నాను, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) కనబడటం లేదు అన్నారు. నన్ను ఇష్టపడుతున్న అమ్మాయికి నెగెటివ్. ఆమెకు అంతా చెప్పాను. పెళ్లి చేసుకుందామంటోంది. నాకే భయం. ఆమెకు అన్యాయం చేస్తానేమో అని.

గోవిందరాజ_వీధి
చెప్పావు చూడు, ముందు నీకు దండం పెట్టాలి. నా భార్యకు నెగెటివ్, ఇప్పటికీ నెగెటివే. మందులు క్రమంగా వేసుకుని, వైరల్ లోడ్ కనబడనంత తగ్గి, అలాగే నిలబడితే సంభోగం ద్వారా ఎదుటివాళ్లకు అంటదు. ఇది మా ఇంటి అనుభవం ఒక్కటే కాదు. చెన్నై, పుణె జంటలు కూడా పాల్గొన్న ఒక పెద్ద అధ్యయనం 2011లో బయటికొచ్చింది. ముందుగా మందు మొదలుపెట్టినవాళ్ల నుంచి భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గింది. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాల్లో, వైరల్ లోడ్ కనబడని స్థితిలో ఉన్నవాళ్ల నుంచి ఒక్కరికి కూడా అంటలేదు.

వైరల్ లోడ్ టెస్టు ఏఆర్‌టీ సెంటర్‌లో ఉచితమే. మందు మొదలుపెట్టిన ఆరు నెలలకు, ఏడాదికి, ఆపై ఏడాదికోసారి. నీ చివరి రిపోర్టు తేదీ చూసుకో. పెళ్లికి ముందు మీరిద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గర కూర్చోండి. పిల్లలు ఎప్పుడు, కండోమ్ ఎప్పటిదాకా, ఆమె టెస్టులు ఎప్పుడెప్పుడు, ఇవన్నీ ఆ అమ్మాయి నోటితో అడగనీ. నువ్వు మధ్యలో అడ్డుపడకు.

పలమనేరు_స్టీరింగ్
గోవిందరాజన్నా, పింఛను మాట కూడా చెప్పు. మావోడొకడు అడగతా ఉండాడు.

గోవిందరాజ_వీధి
ఏఆర్‌టీ మందులు వాడేవాళ్లకు రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4000 రూపాయలు ఉంది. ఊళ్లో సచివాలయంలో అడిగే ముందు ఏఆర్‌టీ సెంటర్ కౌన్సెలర్‌తో మాట్లాడమను. కాగితాలు అక్కడినుంచే కదలాలి. పల్లెలో నలుగురిలో తెలియకుండా ఎలా తీసుకోవాలో కూడా వాళ్లకే బాగా తెలుసు. డబ్బు అవసరం ఉండి కూడా, పేరు బయటపడుతుందని వదులుకున్న విధవరాళ్లు నాకు తెలుసు. అది నన్ను చాలా బాధపెట్టే విషయం.

అలిపిరి_మెట్లు
అందరికీ చెప్పాలి. శ్రీకాళహస్తి పోయాను. సార్ చెప్పినట్టే తలుపేసి మాట్లాడారు. ఆధార్ గురించి పట్టుబట్టలేదు. నెగెటివ్ అన్నారు, మూడు నెలలు నిండాక మళ్లీ రమ్మని తేదీ వేసి చీటీ ఇచ్చారు. కండోమ్‌లు కూడా ఇచ్చారు. మా లాడ్జిలో రూమ్ బాయ్స్ ఇద్దరికి చెప్పాను, వాళ్లూ వస్తామంటున్నారు. ఒకడికి 17 ఏళ్లే. వాడికి చేస్తారా?

రిటైర్డ్_ల్యాబ్
మంచి వార్త తమ్ముడూ. ఆ రెండో తేదీ మాత్రం మరిచిపోకు. 18 నిండనివాళ్లకు టెస్టు చేయాలంటే తల్లిదండ్రులో సంరక్షకులో సరేనాలి. అయినా ఆ పిల్లవాణ్ణి కౌన్సెలర్ దగ్గరికి తీసుకుపో. మాట్లాడటానికి ఎవరూ అడ్డుచెప్పరు. వాడిని ఎవరన్నా బలవంతం చేశారా అన్నది నెమ్మదిగా కనుక్కో. అలాంటిదేమన్నా ఉంటే 1098కి ఫోన్ చేయాలి, అది పిల్లల హెల్ప్‌లైను.

కాణిపాకం_కోడలు
నాదొక ప్రశ్న. మా ఆయనకు బెంగళూరులో పని దొరికింది, అందరం పోతున్నాం. చిత్తూరు ఏఆర్‌టీ సెంటర్‌లో మా పుస్తకాలున్నాయి. నెలనెలా రావాలంటే కష్టం.

నైట్_డ్యూటీ_సిస్టర్
రానక్కర్లేదమ్మా. చిత్తూరు సెంటర్‌లో ట్రాన్స్‌ఫర్ అడగండి. బెంగళూరులో మీరుండబోయే ఏరియా చెబితే దగ్గరి సెంటర్‌కు రాసిస్తారు. మీ చికిత్స వివరాలు రాసే ఆకుపచ్చ పుస్తకం, చివరి వైరల్ లోడ్ రిపోర్టు వెంట పెట్టుకోండి. అక్కడ నమోదయ్యేదాకా సరిపోయే మాత్రలు ఇక్కడే అడిగి తీసుకోండి. మాత్రలు అయిపోవచ్చే దాకా ఆగకుండా, పోయిన వారంలోనే అక్కడి సెంటర్‌కు వెళ్లి పేరు రాయించుకోండి. పాప చివరి రిపోర్టు కూడా ఒక కాపీ ఉంచుకోండి.

కాణిపాకం_కోడలు
సోమవారం పోయి అడుగుతాను సిస్టరమ్మా.